ముయ్యి

మా అమ్మ కాలంలో
శెనక్కాయ చేన్లో కలుపుకు ముయ్యి పోయేటోళ్ళు.
ఈ పొద్దు మీ చేను, రేపు మా చేను.
డబ్బు మాట లేదు,
లెక్క మాత్రం గట్టిగా ఉండేది.

గుంతకల్లులో, రైలు గేటుకు ఇవతల,
మాకు చేన్లు లేవు.
నాకు మూడు నెలల బిడ్డ, ఒక కుట్టు మిషను.
మాబున్నికి ఏడాదిన్నర కుళ్ళాయి,
కారంమిల్లులో సగం పూట పని.
పొద్దున వాణ్ణి నేను చూస్తా,
మాపటేల దీన్ని నువ్వు చూడు అనుకున్నాం.

మా గోడకు గడియారం ఉండాది గానీ
అది బాలింత మాదిరి,
ఎప్పుడు కునుకు తీస్తుందో దానికే తెలీదు.
అందుకే రైళ్ళతో లెక్క పెట్టుకున్నాం.
రాయచూరు బండి కూసే యాలకి వాణ్ణి నా గడపలో దింపుతుంది,
బళ్ళారి బండికి వచ్చి చంకనేసుకుంటుంది.
బండి లేటయితే ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాల?
మొదటి వారమంతా ఇదే పంచాయితీ.

కుళ్ళాయికి రెండే కాళ్ళంటే నేను నమ్మను.
దారపు రీలు నోట్లో,
చాక్‌పీసు ముక్క ముక్కులో,
ఎవరో మేడమ్ జాకెట్టు చెయ్యి వాని నెత్తిన టోపీ.
కొలత టేపు నడుముకు చుట్టి మిషను కాలికి కట్టేస్తే
మిగిలిన ముప్పై అంగుళాలు వాని లోకం.
అందులోనే దొర్లి దొర్లి ఉయ్యాల దాకా పోయి
నా బిడ్డ పాదం పట్టుకొని
"బువ్వ?" అని నన్ను అడుగుతాడు,
కొరకొచ్చో లేదో కనుక్కుందామని.

ఆ బేస్తవారం గుడ్డ తెద్దామని ఆదోనికి పోయినా.
పిండిన పాలు గిన్నెలో, పక్కన స్పూను,
బిడ్డ మాబున్ని ఒళ్ళో.
వచ్చేటప్పుడు
సిగ్నలు రాక బండి పట్టాల మీదనే నిలబడిపోయింది.
గంట. గంటన్నర.
రెండు పక్కలా ఎండిన కంది కట్టె తప్ప ఏమీ లేదు.
రొమ్ములు రాళ్ళయినాయి.
ఎవరి బిడ్డో పక్క పెట్టెలో ఏడ్చింది,
అంతే, నేను కుట్టిన జాకెట్టు నా కుట్ల పొడుగునా తడిసింది.
ఎదురు సీటు ముసలామె ఏమీ అడగకుండా
తన తువ్వాలు తీసి నా ఒళ్ళోకి విసిరింది.

పరిగెత్తి వచ్చి చూస్తే
బిడ్డ నిద్రపోతాంది.
గూట్లో గిన్నె నిండుగానే ఉండాది, అంచున చీమలు.
పెదవి మూల ఒక తెల్లని చుక్క.

మాబున్ని నా మొహం చూడలేదు.
"స్పూనుతో పోస్తే మూడుసార్లు కక్కింది.
ఆ ఏడుపు ఇనలేకపోయినా మేయ్.
వానికింకా మాన్పలేదు గదా...
ఇచ్చినా."

మంచిపని చేసినావు అనాల్సింది.
అనలేదు.
బిడ్డనెత్తి నోరు వాసన చూసినా, దొంగను సోదా చేసినట్లు.
జుట్టులో కారంమిల్లు ఘాటు.
రొమ్ము నోటికందిస్తే
కడుపు నిండిన బిడ్డ
మొహం అటు తిప్పుకుంది.

మూడు నెలల్లో మొదటిసారి
నేను అక్కరలేని గంట అది.

కుళ్ళాయి దగ్గరికొచ్చి
నా తడిసిన జాకెట్టు వాసన చూసి, ముక్కు చిట్లించి,
చాక్‌పీసు వెతుక్కుంటా పోయినాడు.
మాబున్ని నవ్వు ఆపుకోలేకపోయింది.
"మా లెక్కలో వీళ్ళిద్దరూ ఇప్పుడు
ఒక పాల బిడ్డలంట, మా జేజి చెప్పేది.
ఇంక పెళ్ళి కుదరదు మేయ్."
నవ్వితే రొమ్ములు సలిపినాయి.
అయినా నవ్వినా.
ఆమే లేచి వేడినీళ్ళ గుడ్డ పిండి తెచ్చింది,
తలుపు గొళ్ళెం పెట్టింది,
వెనక్కి తిరిగి కూర్చుంది.
గిన్నెలో పాలు పడే చప్పుడు
ఇద్దరం విన్నాం.

మర్నాడు రాయచూరు బండి ఇరవై నిమిషాలు లేటు.
ఎవరి ఖాతా అని మళ్ళీ కొట్లాడినాం,
క్యాలెండరు ముందు పెట్టుకొని, పెన్సిలు గుంజుకొని.
పాల మాట మాత్రం
ఆమె అడగలేదు,
నేను రాయలేదు.